మా సముద్రానికి వచ్చిన కాగితం

నేను కాపురానికి వచ్చింది సముద్రం ఒడ్డుకు. పట్నంలో ఎవరితోనన్నా ఈ మాట అంటే "బందరా, భీమిలా?" అని అడుగుతరు. నల్లగొండ జిల్లా అని చెప్పంగనే నవ్వుతరు. నవ్వనీ. మా ఊరి చెరువు పేరే సముద్రం. ఏ కాలంలోనో ఒక రాజు తవ్విచ్చి, ముందల తన పేరు తగిలిచ్చి, వెనుక సముద్రం అని పెట్టిండట. ఆ రాజు పేరు నోరు తిరగక జనం ఎన్నడో వదిలేసిన్రు. సముద్రం మిగిలింది. "సముద్రం కాడ మా బర్రె కనబడ్డదా?" అని అడుగుతరు. "ఈయేడు సముద్రం ఎండింది" అని అంటరు. విననోళ్లకు ఈ మాటలు వింత గానీ మాకేం వింత లేదు.

మా పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. అక్కడి బోరు నీళ్లల్ల ఫ్లోరైడు. పిల్లల పండ్లకు పసుపు చారలు, పెద్దోళ్లకు వంగిన నడుములు. మా బాపు నలభై ఏండ్లకే కట్టె పట్టుకొని నడిచిండు. నాకు సంబంధం వచ్చినప్పుడు పిలగాడు ఏం చదివిండు, ఎంత భూమి ఉన్నది అని ఆయన అడగలే. "మీ ఊర్లె చెరువున్నదా?" అని ఒక్కటే అడిగిండట. "చెరువేంది బావా, సముద్రమే ఉన్నది" అన్నరట వాళ్లు. ఆ ఒక్క మాటకే పెండ్లి ఖాయమైంది. వచ్చినంక చూస్తే మూడేండ్లకొకసారి నిండే సముద్రం. అయినా ఆ నీళ్లు తియ్యగుంటయి. నా పిల్లల పండ్లు తెల్లగున్నయి. రోజు పొద్దున దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు నేను మొదలు బాపును తలుచుకుంట, తర్వాత ఆ చెరువును.

నన్ను బడికి పంపలే. బాపు పంచాంగం ముందల పెట్టుకొని ఇంట్లనే చదువు చెప్పిండు. "మా ఆమెకు ఓనమాల కంటె ముందు రాహుకాలం వచ్చింది" అని మా ఇంటాయన ఇప్పటికీ ఎక్కిరిస్తడు. పంచాంగంలో అచ్చయిన మాటను బాపు ఎన్నడు అనుమానించలే. అచ్చయిందంటే నిజమే అనే గుణం నాకు అట్ల అబ్బింది. నేను చెప్పబోయేదంతా ఆ గుణం చేసిన పనే.

దానికన్న ముందు ఒక దండ సంగతి చెప్పాలె.

పెండ్లయిన కొన్నేండ్లకు మా ఇంటాయనకు పచ్చకామెర్లు వచ్చినయి. కండ్లు, గోర్లు అన్నీ పసుపు. పసరు పోసినం, దవాఖానకు తీస్కపోయినం. నేను సముద్రం కట్ట మీది మైసమ్మకు మొక్కుకున్న. చెరువు కట్టకు కాపలా ఉండే దేవత ఆమె. గుడి లేదు, గోపురం లేదు, పసుపు పూసిన రాయి, నెత్తి మీద వేపచెట్టు. ఆయనకు తగ్గింది. మొక్కు తీర్చుకోవాలె గదా. అప్పుడే ప్లాస్టిక్ పూలు కొత్తగ వచ్చినయి. హుజూర్‌నగర్ అంగడిలో చూసిన, బంతిపూల దండ, తీగెకు గుచ్చింది, నిజం పూల కంటె మెరుస్తున్నది. అమ్మేటాయన దాన్ని నా ముందల బకెట్ నీళ్లల్ల ముంచి లేపి, "ఎండకు ఎండది, వానకు నానది, నీ మనుమలు గూడ ఇదే దండ చూస్తరమ్మా" అన్నడు.

నాకు కండ్లల్ల నీళ్లు వచ్చినయి. ఊర్లె అందరు తెచ్చే పూలు సాయంత్రానికి వాడిపోతయి. నా కృతజ్ఞత వాడిపోవద్దనుకున్న. దండ తెచ్చి మైసమ్మ రాయికి చుట్టి, తీగె కొసలు ఊడిపోకుండ నా ఎర్ర చీర అంచు చింపి గట్టిగ ముడి వేసిన. ఆ వానకాలం పెద్ద గాలిదుమారం వచ్చింది. తెల్లారి పోయి చూస్తే దండ లేదు. అమ్మ స్వీకరించిందనుకొని, సంతోషపడి, ఇంకొక కొబ్బరికాయ కొట్టి వచ్చిన.

మా పక్కింటామెను నేను ఆపా అని పిలుస్త, ఉర్దూల అక్క అని. నాకంటె ఐదారేండ్లు పెద్ద. మిషిన్ మీద జాకిట్లు కుడుతది. భర్త పోయినంక ఆమెకు మిగిలింది ఆ మిషిన్, సముద్రం కింద ఇరువై గుంటల మడి. అర ఎకరం అన్నట్టు. ఆ మడి కాలువకు ఆఖరున ఉన్నది. తూము నుంచి వచ్చిన నీళ్లు అందరి మడులు తాగినంక, మిగిలితే ఆపాకు. అయినా చెరువుల నీళ్లున్న యేడు ఎన్నడు మిగలకుండ పోలే. ఆ ఇరువై గుంటల వడ్లే ఆమెకు, ఇద్దరు బిడ్డలకు ఏడాది తిండి.

తొంభైల నడుమ ఒక యాసంగి, ఎండకాలం పంట. ముందు వానకాలం దేవుని దయ వల్ల సముద్రం నిండి మత్తడి దుంకింది, అంటే పొంగి పక్క నుంచి పారింది. ఊరంతా వరి వేసిన్రు. ఫాల్గుణం వచ్చేసరికి వరి పొట్ట మీదికి వచ్చింది. అప్పుడు మొదలైంది ఆపా ఫికర్. తూము తీస్తే మనిషి తొడ లావు రావాల్సిన నీళ్లు మణికట్టు లావు వస్తున్నయి. పై మడులు తాగేసరికే కాలువ ఆరిపోతున్నది.

"చెరువుల నీళ్లు లేక గాదు చెల్లె," అన్నది ఆపా. "నీళ్లున్నయి. తూము నోట్లె కవర్లు పడ్డయట. నీరటి తాత చెప్పిండు. పది దినాలల్ల రెండు తడులు పడకపోతే నా వరి అంతా తాలే."

నీరటి తాత అంటే తూము తీసి మూసి మడులకు నీళ్లు పంచే ముసలాయన. మోకాళ్లు పట్టేసి చెరువులోకి దిగలేని మనిషి. నీళ్ల కొలతను మాత్రం చూపుతోనే చెప్తడు.

కవర్లు ఎక్కడివని అడుగకున్రి. అంతకు ముందు మా ఊరి దుకాణంలో పప్పు కొంటే కాయితం పొట్లం, బెల్లం కొంటే మోదుగాకు. గిన్నె తెచ్చుకుంటే నూనె. ఎప్పుడొచ్చిందో గానీ పలుచటి కవరు వచ్చింది. దుకాణపాయన దాన్ని ఊదితే గాలికి బుడ్డలెక్క ఉబ్బేది. చేతుల సంచి పట్టుకొని పోయినామెను, "ఏందమ్మా, ఇంకా పాత కాలంలనే ఉన్నవా?" అని పరాచికాలాడేటోడు. మేము గూడ సిగ్గుపడి సంచులు ఇండ్లల్ల దాచి కవర్లు తెచ్చుకున్నం. వాడినంక పెంటకుప్ప మీద వేసినం. గాలి వాటిని సముద్రానికి చేర్చింది. మొక్కులకు పోయినోళ్లు పసుపు కుంకుమలు కవర్లల్ల తీస్కపోయి, పూజ అమ్మకు చేసి, కవరు చెరువుకు ఇచ్చి వచ్చేటోళ్లు. నేను గూడ.

ఈ నడుమనే ఆ కాగితం వచ్చింది.

మండల ఆఫీసు నుంచి మహిళా సంఘానికి వచ్చింది. మా సంఘంలో పదిహేను మందిమి, గడగడ చదివేదాన్ని నేనొక్కదాన్నే. అందరు మా వాకిట్ల కూసున్రు. నేను కాళ్లు చేతులు కడుక్కొని వచ్చి, కాగితం కండ్లకద్దుకొని విప్పిన. అచ్చు కాగితం గదా.

"సముద్రమును ప్లాస్టిక్ బారి నుండి రక్షించుట ప్రతి పౌరుని కర్తవ్యము. సముద్రములో చేరుచున్న ప్లాస్టిక్ వలన చేపలు, తాబేళ్లు నశించుచున్నవి. కావున ప్రతి గ్రామము సముద్ర రక్షణకై ఊరేగింపు జరిపి, ప్రతిజ్ఞ చేసి, నివేదిక పంపవలెను."

చదివి ఆపిన. మా వాకిట్ల పదిహేను మంది కండ్లు పెద్దగైనయి.

"గిదేందే! మన సముద్రం సంగతి పట్నం దాక ఎట్ల తెలిసింది?" అన్నది మా బెస్త వదిన. చెరువులో చేపలు పట్టే కుటుంబం వాళ్లది. వలతో మగోళ్ల కంటె ఆమెనే ముందు దిగుతది. "తాబేళ్ల సంగతి గూడ రాసిన్రు సూడు. మొన్న నా వలల తాబేలు పడ్డది, మెడకు కవరు చుట్టుకున్నది. ఎవరో చెప్పినట్టున్నరు."

"అమ్మ చెప్పి ఉంటది," అన్న నేను. మైసమ్మను మనసులో తలుచుకొని.

ఆపా మాత్రం ఒక్కటే అడిగింది. "తూము సంగతి రాసిన్రా?"

మళ్ల చదివిన. తూము లేదు. కానీ 'తీర ప్రాంత ప్రజలు' అని ఉన్నది. కట్ట పక్కన ఉండేటోళ్లు అని అర్థం చెప్పిన. 'అలలు' అని ఉన్నది. గాలొస్తే మా సముద్రంలో లేస్తయి. 'ఉప్పునీరు' అని ఉన్నది. ఎండకాలంలో అడుగు నీళ్లు జర ఉప్పగనే ఉంటయి. అన్నీ కుదిరినయి. ఒక్క మాట కాడ ఆగిన. 'ఓడల నుండి పారవేయు వ్యర్థములు'.

"ఓడ మనకు లేదు గదనే?" అన్నది బెస్త వదిన.

అందరు నా మొహం చూసిన్రు. చదివిన మనిషిని నేనే గదా, జవాబు నేనే ఇయ్యాలె. "ఇస్తరేమో," అన్న.

ఆ రోజే నేను స్వయంగా జవాబు రాసిన. అంత పెద్ద జాబు అంతకు ముందు నేను మా బాపుకు గూడ రాయలే. 'మహారాజశ్రీ అయ్యగారికి, మా సముద్రమును గుర్తించినందుకు శతకోటి నమస్కారములు. మా ఊరి ఆడవారమందరము సిద్ధముగా ఉన్నాము. తూము నోటిలో ప్లాస్టిక్ ఉన్నది, అందువలన కడపటి మడికి నీరు లేదు. ఓడ గురించి తమ చిత్తము' అని రాసిన.

మా ఇంటాయన జాబు చదివిండు. కడుపు పట్టుకొని లోపటికి పోయిండు. కామెర్లు మళ్ల తిరగబెట్టినయా అని భయపడ్డ. నవ్వుతున్నడట.

తర్వాత మాకు తెలిసిన సంగతేందంటే, అది కోస్తా జిల్లాల కోసం తయారైన కాగితం. అప్పుడు రాష్ట్రం ఒక్కటే, కాగితం గూడ ఒక్కటే. సముద్రం ఉన్నోళ్లకు, లేనోళ్లకు అందరికీ పంపిన్రు. మా మండలంలో మిగిలిన ఊర్లోళ్లు దాన్ని చదివి అవతల పెట్టిన్రు. పై నుంచి మాత్రం "సముద్ర రక్షణ నివేదిక ఏది?" అని మాటిమాటికి అడుగుతున్నరట. మండల ఆఫీసరు పాపం తల పట్టుకొని కూసున్న టైముకు నా జాబు పోయింది. 'మా సముద్రము వద్ద ఊరేగింపునకు సిద్ధము.' మునిగిపోయే మనిషికి చెయ్యి దొరికినట్టయింది. ఎవరికి ఎవరి వల్ల మేలు జరుగుతదో మనకేం తెలుసు.

నాలుగో రోజే జీపు వచ్చింది. ఆఫీసరు గోదావరి దిక్కు మనిషి, మర్యాదస్తుడు. కట్ట మీద జీపు దిగి, నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకొని నాలుగు దిక్కుల చూసిండు.

"సముద్రం ఎక్కడండీ?"

"మీరు నిలబడ్డదే సార్," అన్నడు సర్పంచు.

"ఇది చెరువు కదండీ!"

"చెరువే సార్. పేరు సముద్రం."

ఆఫీసరు నా దిక్కు తిరిగిండు. "అమ్మా, ఆ లెటరు అసలు సముద్రం గురించండి. బంగాళాఖాతం. ఇక్కణ్ణుంచి ఎంత దూరమనుకున్నారు?"

నా మొహం మాడిపోయింది. పదిహేను మంది ముందల చదివి అర్థం చెప్పిన మనిషిని. అప్పుడు వెనుక నుంచి ఆపా ముందలికొచ్చింది.

"సార్, ఒక్క మాట. గీ చెరువు మత్తడి దుంకితె నీళ్లు ఎటు పోతయి?"

"ఎటు పోతాయి? వాగులోకి."

"వాగు ఎటు పోతది?"

"కృష్ణలోకి."

"కృష్ణ?"

ఆఫీసరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నడు.

"మరి మీ సముద్రం మొదలు గీడనే గదా సార్," అన్నది ఆపా. "మా తూముల ఉన్న కవరు మా తూముల ఉంటది, ఉరికినది మీ దిక్కు వస్తది. ఉన్నది తీపిచ్చున్రి. నా వరి పొట్ట మీద ఉన్నది. వారమే టైం."

"చాలా బాగా చెప్పావమ్మా," అన్నడు ఆఫీసరు. నిజంగనే మెచ్చుకున్నడు. "అయితే తూము విషయం ఈ కార్యక్రమంలో లేదు. అది వేరే శాఖ. మనది అవగాహన మాత్రమేనండి."

అవగాహన అనే మాట నేను అప్పుడే మొదటిసారి విన్న. పని చేయకుండ పని గురించి తెలుసుకునుడు అని తర్వాత అర్థం చేసుకున్న.

రెండు రోజులకు ఊరేగింపు. ఆఫీసు నుంచి ఒక మూట వచ్చింది. విప్పితే జెండాలు. ఆకుపచ్చ ప్లాస్టిక్ కాయితం మీద తెల్లటి అక్షరాలు: 'సముద్రాన్ని కాపాడుదాం, ప్లాస్టిక్‌ను వదిలేద్దాం.'

"సార్, గివి గూడ ప్లాస్టికే గదా?" అన్నది బెస్త వదిన.

"వానకు తడవకుండా అమ్మా."

ఫాల్గుణంలో మా దిక్కు వాన! ఆ మాటకు ఎండ గూడ నవ్వినట్టే అనిపించింది.

ఊరంతా కదిలింది. డప్పులు ముందల, మేము నడుమ, మగోళ్లు ఎనుక నుంచి మాకు ఎట్ల నడవాల్నో చెప్పుకుంట. కట్ట మీద టెంటు. వచ్చినోళ్లకు పులిహోర కవర్లల్ల కట్టి పంచిన్రు. తాగెతందుకు నీళ్ల ప్యాకెట్లు. పండ్లతోని కొస కొరికి, ఉమ్మి, తాగాలె. చాయ్ పలుచటి ప్లాస్టిక్ గ్లాసులల్ల. ప్రతిజ్ఞ నాతోని చదివిపిచ్చిన్రు. కుడి చెయ్యి ముందలికి చాపి, "సముద్రంలో ప్లాస్టిక్ వేయనని..." అని నేనంటే, మూడు వందల మంది కుడిచెయ్యి చాపి నా ఎనుక అన్నరు. ఎడమ చేతులల్ల చాయ్ గ్లాసులు ఉన్నయి.

ఆఫీసరు మాట్లాడిండు. "ఈ కట్ట మీది నీరు వాగులోకి, వాగు కృష్ణలోకి, కృష్ణ సముద్రంలోకి. అంటే సముద్రం ఇక్కడే మొదలవుతుంది!" చప్పట్లు మోగినయి. ఆపా నా చెవుల, "నా మాట ఎంత మంచిగ చెప్తున్నడు," అన్నది. కోపం లేదు ఆ గొంతుల. రోజులు లెక్కపెట్టుకుంటున్నది, అంతే. ఐదు.

ఫొటో దిగినం. జీపు పోయింది. జీపు పోయిన ఎనుకనే గాలి లేచింది. ఫాల్గుణపు గాలి సంగతి తెలిసిందే గదా. జెండాలు, గ్లాసులు, పులిహోర కవర్లు, ప్యాకెట్లు అన్నీ ఒక్కసారి లేచినయి. కొద్దిసేపు ఆకాశం అంతా ఆకుపచ్చగ కనబడ్డది. తర్వాత ఒక్కొక్కటి మెల్లగ సముద్రం మీద వాలినయి. 'సముద్రాన్ని కాపాడుదాం' అని రాసిన జెండా నీళ్ల మీద కొద్దిదూరం తేలుకుంట పోయి, తూము దిక్కు తిరిగింది. నీళ్లు అటే గుంజుతయి గదా.

"అవగాహన వచ్చింది," అన్నడు మా ఇంటాయన.

ఆపా అక్కడనే కట్ట మీద కూసున్నది. ఆమెను గట్ల చూస్తే నాకు బాపు యాదికొచ్చిండు. బాపు నన్ను ఈ నీళ్లను నమ్మి పంపిండు. ఈ నీళ్లు నా పిల్లలకు తెల్లటి పండ్లిచ్చినయి. ఆపా బిడ్డలకు తిండి రాకుంట పోతే నేను పొద్దున ఏ మొహంతోని దండం పెడుత?

"ఆపా, రేపు పొద్దున మనమే దిగుదాం," అన్న.

"నీకు ఈత వస్తదా?"

"రాదు."

"నాకూ రాదు," అన్నది. ఇద్దరం బెస్త వదిన దిక్కు చూసినం.

"చూడకున్రి గట్ల, వస్త," అన్నది ఆమె.

తెల్లారి సంఘం ఆడోళ్లమంతా పోయినం. నీరటి తాత ముందుగాల తూముకు అడ్డం కట్టె బిర్ర బిగించి నీళ్లు ఆపిండు, లేకపోతే మనిషిని లోపటికి గుంజుతది. వదిన నడుముకు తాడు కట్టినం. ఆ తాడు మేము పది మందిమి పట్టుకున్నం. పొడుగాటి వెదురు బొంగుకు కొడవలి కట్టుకొని ఆమె మెడలోతు నీళ్లల్లకు దిగింది. కట్ట మీద మగోళ్లు కూసున్రు.

"ఎడమ దిక్కు గుంజాలె!"

"గట్ల గాదు, జర కిందికి!"

వదిన నీళ్లల్లోంచి తల లేపి, "మామా, నీకు తెలిస్తె నువ్వు దిగు, నేను చెప్త," అన్నది. తర్వాత ఎవరు చెప్పలే.

బయటికి రావడం మొదలైంది. నల్ల కవర్లు, తెల్ల కవర్లు, నూనె ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, ఒక యూరియా సంచి, తెగిన చెప్పు. నిన్నటి జెండాలు పదకొండు. పసుపు కుంకుమ కట్టిన కవర్లు లెక్కలేనన్ని. మా భక్తి అంతా తూములోనే ఉన్నది. ఒడ్డు మీద కుప్ప పెరిగింది గానీ తూము నోరు తెరుచుకోలే.

"లోపట ఏదో ఉన్నదే," అన్నది వదిన. "గదే అన్నిటిని పట్టుకొని కూసున్నది. గుండ్రంగ ఉన్నది. తీగె లెక్క తగులుతాంది."

కొడవలి తగిలిచ్చి గుంజింది. మేము తాడు వదిలి బొంగు పట్టుకున్నం. ఒక్కసారి ఊడి వచ్చింది. అందరం ఎనుకకు పడ్డం.

బంతిపూల దండ. బురద కారుతున్నది గానీ కడిగితే రంగు పోలే. హుజూర్‌నగర్ ఆయన మాట తప్పలే. ఎండకు ఎండలే, నీళ్లకు నానలే. తూము నోట్లె జల్లెడ లెక్క అడ్డం పడి, వచ్చిన ప్రతి కవరును పట్టుకొని కూసున్నది. తీగె కొసలకు ఎర్రగుడ్డ ముడి గట్టిగనే ఉన్నది.

"గీ ముడి ఎవరిదో గానీ దేవుడు గూడ విప్పలేడు," అన్నది వదిన.

ఆపా ఆ గుడ్డను వేళ్ల నడుమ పట్టుకొని చూసింది. ఆ చీరకు జాకిటి కుట్టింది ఆమెనే. అంచు ఆమెకు తెలియదా? నా దిక్కు చూసింది. నేను తల దించుకున్న.

"నేనే ఆపా. ఆయనకు కామెర్లు తగ్గినందుకు అమ్మకు కట్టిన."

ఆపా ముడిని బొటనవేలితో సదిరింది.

"గందుకే," అన్నది. "మీ ఇంటాయన కామెర్లు తగ్గి నా వరికి అంటుకున్నయి. పచ్చగ పడ్డది చూడలేదా?"

ముందుగాల బెస్త వదిన నవ్వింది. నీళ్లల్ల ఉండి నవ్వితే నోట్లె నీళ్లు పోయి దగ్గు వచ్చింది. ఆ దగ్గుకు తాత నవ్విండు. నేను నవ్వుకుంటనే ఏడ్చిన. ఆపా నా భుజం మీద చెయ్యేసి, "ఏడువకు చెల్లె. నీ మైసమ్మ నా నీళ్లను పారనియ్యలేదు గానీ పోనియ్య గూడ పోనియ్యలే. చెరువుల దాసిపెట్టింది. ఇప్పుడు విడుస్తది. తాతా, తియ్యి," అన్నది.

తాత బిర్ర తీసిండు. తొడ లావు నీళ్లు వచ్చినయి.

ఆ నీళ్ల ఎంబడి మేమిద్దరం కాలువ గట్టున నడిచినం. మొదటి మడి, రెండో మడి, అందరి మడులు తాగినయి. పై మడుల వాళ్లు ఆ రోజు కాలువ నుంచి తమ మడికి నీళ్లు మళ్లే మొగలు తొందరగ మూసుకున్నరు, చెప్పకుండనే. మధ్యాహ్నం దాటినంక నీళ్లు ఆపా మడికి చేరినయి. పగుళ్లల్లకు దిగుతుంటే సన్నగ సప్పుడైంది. ఆపా చెప్పులు విప్పి మడిలో నిలబడ్డది. ఆమె పెదవులు కదులుతున్నయి. నేను గట్టు మీద నిలబడి చేతులు జోడించిన. ఎవరి దేవునికి వాళ్లం చెప్పుకున్నం.

ఆ యాసంగి ఆపాకు ఒక మూల తాలు పోయింది. అది నా వంతు అనుకున్న. మిగిలింది ఏడాదికి సరిపోయింది. కొత్త బియ్యం కొంగులో పోసుకొని మా ఇంటికి తెచ్చింది. కవరులో తెస్తదేమో అని చూసిన. "నీకిచ్చేది కవర్లనా?" అన్నది. దుకాణపాయన నవ్వినా మా సంఘమంతా మళ్ల సంచులు బయటికి తీసినం. ఆపా పాత గుడ్డలతోని ఇంటికొక సంచి కుట్టింది. మైసమ్మ కాడికి కుంకుమ ఆకుల పెట్టుకొని పోతున్నం. అందరు మారిన్రని చెప్తే అబద్ధం. తూము ఇప్పుడు ఏడాదికొకసారి తీస్తున్నం, ప్రతిసారి ఏదో ఒకటి దొరుకుతది.

ఇక దండ మిగిలింది. అమ్మకు ఇచ్చింది, పారేయలేం. కాలిస్తే కంపు. పాత ప్లాస్టిక్‌కు ఉల్లిగడ్డలు ఇచ్చే సైకిలాయన వస్తే చూపిచ్చిన. "తీగె ఉన్నదమ్మా, నడువది," అన్నడు. అమ్మ దండకు ఉల్లిగడ్డలు తీసుకునుడు తప్పించినందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టిన.

మరుసటి యాసంగిలో మండల ఆఫీసు నుంచి ఇంకొక కాగితం వచ్చింది. ఈసారి ప్లాస్టిక్ అద్దం లెక్క మెరిసే పొరలో అతికిచ్చి, దాన్ని ఒక కవరులో పెట్టి, ఆ కవరును ఇంకొక కవరులో పెట్టి పంపిన్రు. 'సముద్ర రక్షణలో విశేష కృషి చేసిన తీర గ్రామమునకు ప్రశంసాపత్రము.' తీర గ్రామం! మా బాపు బతికుంటే ఎంత సంబురపడేటోడో. తన బిడ్డను సముద్రం కాడికే ఇచ్చినట్టు సర్కారే అచ్చు వేసిచ్చింది.

సంఘంలో ఎవరి ఇంట్ల పెట్టాలె అని మాట వచ్చింది. ఆపా దాన్ని చేతిలోకి తీసుకొని, ఎండకు అటు ఇటు తిప్పింది. మెరుపు మా కండ్లల్ల కొట్టింది.

"నాకియ్యున్రి," అన్నది. "నా వరి పాలు పోసుకుంటాంది. పిచ్చుకలు ఆగుతలేవు."

మడి నడుమ కర్ర పాతినం. కర్రకు ప్రశంసాపత్రం కట్టి, దాని మెడల బంతిపూల దండ వేసినం. నా ఎర్ర ముడి అట్లనే ఉంచినం. గాలికి పత్రం టపటప కొట్టుకుంటుంటే, తీగె దండ గిరగిర తిరుగుతుంటే, పిచ్చుకలు దూరం నుంచే మళ్లిపోయినయి. ఒక్క గింజ పోలే.

ఆఫీసోళ్ల కాగితం చేసిన పని అదొక్కటే. కానీ మంచిగ చేసింది. పొద్దున దీపం కాడ బాపును, చెరువును తలుచుకున్నంక, దానికి గూడ ఒక దండం పెడుతున్న.